కుక్క పేరు చెప్పుకుని

“ఇంత ఆలస్యమా!” అన్నాడు అతను, గొంతు తగ్గించి.

“ఇంట్లోంచి బయటపడొద్దూ? ఎక్కడికి, ఎందుకు, ఎంతసేపు... గుమ్మం దాటేలోపు సవాలక్ష ప్రశ్నలు,” అంది ఆమె, చెట్టు చాటు నుంచి బాట మీదికి వస్తూ.

అతను గడియారాలు బాగుచేస్తాడు. ఆలస్యమంటే గిట్టదు. అయినా ఆమె నవ్వేసరికి విసుగంతా ఎటో పోయింది.

కుక్క అప్పటికే ఆమె కాళ్ళ చుట్టూ తిరిగి గొలుసు చుట్టేసింది.

“చాల్లే మేస్త్రీ! పడేస్తావు నన్ను,” అంటూ ఆమె దాని చెవులు నిమిరింది.

కనిపించిన ప్రతి చెట్టు దగ్గరా ఆగుతుంది. మొదలంతా వాసన చూసి, పని నచ్చినట్టు తలాడించి గానీ కదలదు. అందుకే దానికా పేరు.

కొండ మీదికి వెళ్ళే ఆ బాటంటే కుక్కలున్న వాళ్ళందరికీ ఇష్టం. రెండువైపులా చెట్లు కొమ్మలు కలిపి పందిరేసినట్టుంటాయి. ఎండ నేల మీద పడాలంటే ఆకుల్ని బతిమాలుకోవాల్సిందే. గేటు దగ్గర బోర్డు ఉంది: ‘కుక్కలను తీసుకురావచ్చు. గొలుసు విడవరాదు.’ అతను ఆ నియమం తు.చ. తప్పకుండా పాటిస్తాడు. ఒక చేతిలో ఎప్పుడూ గొలుసు ఉంటుంది. రెండో చెయ్యి మాత్రం, మొదటి మలుపు తిరగ్గానే, ఆమె చేతిలోకి వెళ్ళిపోతుంది. దాని గురించి బోర్డు మీద ఏమీ రాసిలేదు.

ప్రతి ఆదివారం ఇదే వరస. అతను కుక్కను తిప్పుకొస్తానని బయల్దేరతాడు. ఆమె ఏదో పని కల్పించుకుని ఇంకో దారిన వస్తుంది. ఒకసారి కూరగాయలు, ఒకసారి మందుల షాపు. ఈ వారం టైలరు.

సగం దూరం ఎక్కాక ఒక నల్లటి బండ మీద కూర్చున్నారు. అతను జేబులోంచి నారింజ తీసి వలిచాడు. తొనల మీద తెల్లటి పీచు ఆమెకు నచ్చదు. ఒక్కొక్క పోగూ, గడియారంలో స్ప్రింగు తీసినంత జాగ్రత్తగా లాగి ఇచ్చాడు.

“మీ పక్కన కూర్చుంటే ఎక్కడెక్కడి కబుర్లో గుర్తొస్తాయి. మిగతా వారమంతా నోరు కట్టేసుకున్నట్టే,” అంది.

“పోనీ, అందరికీ చెప్పేద్దామా?”

“ఇంకేమన్నా ఉందా! నలుగురూ నవ్విపోతారు. పిల్లల ముందు తలెత్తుకోగలమా?”

అతను తొన నోట్లో పెట్టుకోబోయి ఆగాడు. “అంతకన్నా పెద్ద గండం వచ్చిపడింది. మేస్త్రి సోఫా మూల కొరికేసింది కదా. దీన్ని ఎవరికైనా ఇచ్చేయాలని ఇంట్లో పట్టుబట్టారు.”

ఆమె ముఖం వాడిపోయింది. కుక్క లేకపోతే నడక లేదు. నడక లేకపోతే ఆదివారం లేదు.

“మీరేమన్నారు?”

“డాక్టరు నన్ను నడవమన్నాడు, ఇది లాక్కెళ్ళకపోతే నేను కదలను అన్నాను.”

“డాక్టరెప్పుడన్నాడు?”

“అనేవాడే, నేను వెళ్ళుంటే.”

ఆమె పకపకా నవ్వింది. అంతలో మలుపు అవతల నుంచి ఎవరో ఫోన్లో గట్టిగా మాట్లాడుతూ రావడం వినిపించింది. ఎదురింటావిడ! ఆవిడ చెవిన పడిన మాట వీధంతా తిరగడానికి పూట పట్టదు.

“చూసిందంటే మన ఆదివారాలకు నీళ్ళొదులుకోవడమే,” అంటూ ఆమె చటుక్కున లేచి పొద చాటుకు దూరింది. అతను బూటు లేసు కట్టుకుంటున్నట్టు వంగాడు. మేస్త్రి మాత్రం పొద వైపు తిరిగి, తోక ఊపుతూ కూర్చుంది.

“ఏంటండీ, ఒక్కరే వచ్చారా?” అంది ఎదురింటావిడ, నడక ఆపకుండా.

“ఒక్కణ్ణేనండీ. కుక్కను తిప్పుదామని.”

“ఆ పొదలో ఏం కనబడిందో దానికి! పామేమో చూసుకోండి.”

“చూసుకుంటున్నానండీ.”

ఆవిడ కనుమరుగయ్యాక, జుట్టు నిండా ఎండుటాకులతో ఆమె బయటికొచ్చింది. “పామునా నేను?”

నోటికి చేతులడ్డం పెట్టుకుని ఇద్దరూ కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వుకున్నారు.

“నోరులేని జీవం కాబట్టి బతికిపోయాం,” అన్నాడు అతను, మేస్త్రి వీపు తట్టి.

దిగేటప్పుడు మాత్రం మాటలు తగ్గాయి. వచ్చే వారం ఈ నడక ఉంటుందో లేదో. గేటు కనిపించగానే ఆమె మెల్లగా చెయ్యి విడిపించుకుంది.

“గట్టిగా అడగండి. మెత్తబడకండి,” అంది. “నేను టైలరు దగ్గరికెళ్ళి బట్టలు తీసుకోవాలి. ఉత్త చేతుల్తో వెళ్తే మళ్ళీ ప్రశ్నలు.”

ఆమె వెళ్ళిన వైపే చూస్తూ మేస్త్రి మొరాయించింది. అతను దాన్ని బుజ్జగించి, లాగి, చివరికి దాదాపు ఎత్తుకుని ఇల్లు చేరాడు.

హాల్లో అడుగు పెట్టే చోటు లేదు. ఒక మూల ఇస్త్రీ బల్ల, ఇంకో మూల ఆరని బట్టలు. కొరికిన మూల కనబడకుండా సోఫాకు పాత దుప్పటి కప్పారు. దాని మీదెక్కి పిల్లలిద్దరూ గెంతుతున్నారు. టీవీ ఒకవైపు, మిక్సీ ఒకవైపు మోగిపోతున్నాయి. మేస్త్రి తప్పు తెలిసినదానిలా బల్ల కిందికి దూరింది. దారంతా కూడబలుక్కున్న మాటలు అతనికి ఒక్కటీ గుర్తురాలేదు. గొలుసు చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

మిక్సీ ఆగింది.

“మేస్త్రిని ఎవరికీ ఇవ్వంలెండి,” అని వంటింట్లోంచి మాట వినిపించింది.

అతను ఊపిరి పీల్చుకున్నాడు.

“కానీ మామయ్యగారూ, వచ్చే ఆదివారం నుంచి పాపం అత్తయ్యగారిని కూడా వెంట తీసుకెళ్ళండి, ఒకే ఇంట్లో ఉంటూ మీరిద్దరూ తీరిగ్గా రెండు మాటలు మాట్లాడుకోవడం నేనెప్పుడూ చూడలేదు,” అంది కోడలు హాల్లోకి వస్తూ, టైలరు దగ్గర్నుంచి బట్టల సంచితో వచ్చి అప్పుడే గుమ్మంలో చెప్పులు విడుస్తున్న అత్తగారిని చూపిస్తూ.