గుసగుస

"అది గొంతా, దోమ రెక్కల చప్పుడా?" అన్నాడు సూపర్‌వైజరు, ఏడో కుర్చీ ముందు నిలబడి.

నీటి సరఫరా ఫిర్యాదుల గదిలో పదిమంది ఫోన్లు పట్టుకుని కూర్చుని ఉన్నారు. ఏడో కుర్చీలోని అమ్మాయికి ఆయన పెట్టిన పేరు గుసగుస. ఆమె చేరి ఏడాది కావస్తున్నా అసలు పేరు ఆయన నోటికి రాదు.

"సార్, నేను..."

ఆయన అరచెయ్యి అడ్డం పెట్టాడు. "వద్దు. రేపట్నుంచి పాత కాగితాల గదికి పో. అక్కడ నువ్వు మాట్లాడక్కర్లేదు, బొద్దింకలు వినక్కర్లేదు."

ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఆరో కుర్చీలోని పెద్దావిడ మాత్రం నవ్వలేదు. తన మంచినీళ్ళ సీసా ఆ అమ్మాయి వైపు జరిపింది.

"తాగు తల్లీ. కాసేపు బయట గాలి పీల్చుకుని రా."

గుసగుస రెండు గుక్కలు తాగి, తలొంచుకుని బయటికి వెళ్ళిపోయింది. పీడ వదిలిందనుకుంటూ ఆయన తన అద్దాల గదిలోకి వెళ్ళి కూర్చున్నాడు.

పది నిమిషాల తర్వాత పెద్దావిడ తలుపు తీసింది. "సార్, ఫోన్లో ఒకావిడ మండిపడుతున్నారు. పైవాళ్ళతోనే మాట్లాడతారట. మీకు కలుపుతున్నా."

అలాంటి ఫోనంటే ఆయన ఒళ్ళు దగ్గర పెట్టుకోవాల్సిందే. ప్రతి మాటా రికార్డయి నేరుగా ప్రధాన కార్యాలయానికి పోతుంది. ఫిర్యాదు రాసుకుని, తిరిగి చదివి వినిపించేదాకా ఫోను పెట్టెయ్యకూడదు.

"చెప్పండమ్మా," అన్నాడు, గొంతులో తేనె పోసుకుని.

"చెప్తాను. మధ్యలో ఆపారో, ఊరుకునేది లేదు!"

ఆయన వీపు నిటారైంది. ఏం గొంతు! ఏ పెద్ద అధికారి భార్యో అయ్యుంటుంది. తల వంచి కలం తీశాడు.

"పోయిన వానాకాలం నుంచి మీ ఆఫీసుకొస్తున్నా. మీలో ఒకాయన నన్ను ఒక్కనాడూ ఒక్క మాట పూర్తి చెయ్యనివ్వలేదు. పదిమందిలో నవ్వులపాలు చేస్తాడు. నేనేమన్నా ఆయన సొమ్ము తింటున్నానా? నా నోరు నొక్కడానికి ఆయనెవరు?"

"తప్పేనమ్మా. చాలా తప్పు."

"మా అమ్మ ఆస్పత్రిలో ఉందని చెప్పబోయినా వినిపించుకోలేదు!"

"అయ్యయ్యో! మనిషేనా వాడు? మీ గొంతు ఇదివరకెప్పుడూ విన్నట్టు లేదు. ముందే నా దాకా రావాల్సిందమ్మా."

"చాలాసార్లు ప్రయత్నించాను. అలాంటివాణ్ణి ఏం చెయ్యాలో మీరే చెప్పండి."

"ఆ కుర్చీలోంచి లేపెయ్యాలి! మనుషుల మాట విననివాడికి ఫిర్యాదుల ఆఫీసులో ఏం పని? తీసుకెళ్ళి పాత కాగితాల గదిలో పడెయ్యాలి. ఇది నా మాటగానే రాస్తున్నా."

"రాసింది చదవండి."

ఆయన పొల్లుపోకుండా చదివాడు. చివర తన హోదా చెప్పి, కింద సంతకం కూడా చేశాడు.

"ఇంకొక్కటే మిగిలిందమ్మా. ఆ దుర్మార్గుడి పేరు?"

"తలెత్తండి, చెప్తాను."

అద్దానికి అవతల, చెవి దగ్గర ఫోనుతో గుసగుస నిలబడి ఉంది.