మెట్ల వీధికి ఒక్క కొళాయి

కౌన్సిల్ సభ్యుడిగా ప్రమాణం చేసిన రోజున రంగుల షావుకారు చేతిలో ఉన్నవి ఒక ఓటు, అక్కకు ఇచ్చిన ఒక మాట.

ఓటు కొత్తది. మాట పాతది. మెట్ల వీధిలో అక్క గుమ్మం ముందు కొళాయి పెట్టిస్తానని.

ఆ వీధి పైకి పోయే సన్నటి గొట్టం ఇంకొక్క ఇంటికి మాత్రమే నీళ్ళివ్వగలదని ఇంజనీరు తేల్చాడు. అడిగిన ఇళ్ళు పదకొండు.

"ఆ ఒక్కటీ నీదే అక్కా."

"వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఒకటేలేరా," అని అక్క మోకాళ్ళు పట్టుకుని నవ్వింది. రోజూ కింది నుంచి బిందెలు మోసే మోకాళ్ళవి.

ఈలోగా కొత్త సభ్యులకు నడవడిక మీద శిక్షణ అన్నారు. వారానికొకటి, ఆరు తరగతులు. శిక్షణ కేంద్రం నుంచి యాభై దాటిన ఒకావిడ వచ్చింది. సభ్యులు మొదటి రోజే ఆమెకు 'నీతి టీచరమ్మ' అని పేరు పెట్టారు. అసలు పేరు ఎవరూ అడగలేదు.

రెండో తరగతిలో ఆమె అడిగింది.

"మీ సొంతవాళ్ళ పని కౌన్సిల్ ముందుకు వచ్చింది. ఏం చేస్తారు?"

"ముందు అది కానిచ్చి, తర్వాత మిగతావి చూస్తాం!" అన్నారెవరో. గది ఘొల్లుమంది.

ఆమె కూడా నవ్వింది. "కాదు బాబూ. ఇది మావాళ్ళదని అందరి ముందూ చెప్పి, గదిలోంచి బయటికి వెళ్ళాలి. తేలేదాకా లోపలికి రాకూడదు."

షావుకారుకు నవ్వు ఆగిపోయింది.

"బయటికి పోతే మావాళ్ళ తరఫున మాట్లాడేదెవరు మేడమ్? అడగందే అమ్మైనా పెట్టదు."

"ఫైలు మాట్లాడుతుంది. దూరం, మెట్లు, ఇంట్లో జబ్బు మనుషులు, అన్నీ చూసి ఇంజనీరు వరుస రాసి ఉంటాడు కదా."

"ఫైళ్ళే మాట్లాడితే నా కొట్లో రంగు డబ్బాలు వాటంతటవే అమ్ముడుపోవాలి!"

మళ్ళీ నవ్వులు. ఆ ఊపులో ఇంకో మాట కూడా అనేశాడు.

"గట్టు మీద కూర్చుని ఈత ఎంతైనా చెప్పొచ్చు. మీకే ఎవరి దగ్గరైనా పని పడితే తెలిసేది."

ఆమె ఏదో చెప్పబోయి, సుద్దముక్క అందుకుని బోర్డు వైపు తిరిగింది.

తరగతి అయ్యాక షావుకారు ఆమెను వరండాలో ఆపాడు.

"ఏమనుకోకండి మేడమ్. మీకేదైనా పని ఉంటే చెప్పండి, నేను చూసుకుంటా."

"మీరు చేయాల్సిందేమీ లేదు బాబూ. కొళాయి సంగతి వచ్చిన రోజు మాత్రం బయట కూర్చోండి. భయపడకండి."

భయపడకండి అన్న మాటే అతన్ని ఎక్కువ భయపెట్టింది. ఈవిడకు అక్క సంగతి తెలిసిపోయింది, ఎక్కడో అడ్డుపడుతుంది అనుకున్నాడు.

మర్నాడే శిక్షణ కేంద్రానికి ఫిర్యాదు కాగితం రాశాడు. 'శిక్షణ పేరుతో సభ్యులను దొంగల్లా చూస్తున్నారు.' నలుగురి సంతకాలు కావలసి వచ్చాయి. ఒక్కొక్కరికీ ఒకే మాట చెప్పాడు.

"నీకు కావలసిన రోజున నా ఓటు నీది."

మూడో తరగతి జరగలేదు. శిక్షణ కేంద్రం ఆమెను పనిలోంచే తీసేసిందని తర్వాత తెలిసింది. అడ్డు తొలగిందనుకున్నాడు షావుకారు.

కొళాయి సంగతి వచ్చిన రోజు గుమస్తా లేచి ఫైలు విప్పాడు.

"ఫైలెందుకయ్యా, కూర్చో. ఆ మెట్లెక్కి దిగేవాణ్ణి, నేను చెబుతా," అన్నాడు షావుకారు.

ఇరవై నిమిషాలు చెప్పాడు. మోకాళ్ళ గురించి చెప్పాడు, బిందెల గురించి చెప్పాడు. 'అక్క' అన్న ఒక్క మాట తప్ప అన్నీ చెప్పాడు.

చేతులు లేచాయి. వారంలో అక్క గుమ్మం ముందు నీళ్ళు దూకాయి.

ప్రతిపాదించిన సభ్యుడి సంతకం కోసం గుమస్తా ఫైలు తెచ్చి ముందు పెట్టాడు. వ్యాపారి కదా, చదవకుండా సంతకం పెట్టే అలవాటు లేదు. ఇంజనీరు రాసిన వరుసలో రెండో పేరు అక్కది.

"రెండోదా? మరి మొదటిది ఎవరిదయ్యా?"

"వీధి చివరి ఇంటావిడదండీ. నూట పద్నాలుగు మెట్లు. భర్త మంచం మీదున్నాడు. కానీ ఆవిడ వదులుకుంది."

"వదులుకుందా? ఎప్పుడు?"

"రెండు నెలలైందండీ. మీరు నోరు విప్పకపోయినా మీ అక్కగారికే వచ్చేది. ఆ వేళ నేను చదవబోయింది అదే. మీరు కూర్చోమన్నారు."

షావుకారు గతుక్కుమన్నాడు. "ఆవిడ మా అక్క అని నీకెవరు చెప్పారు?"

"తెలియందెవరికండీ? ఆ రోజు చేతులెత్తిన వాళ్ళందరికీ తెలుసు."

అతను తలెత్తలేకపోయాడు. ముందున్న కాగితమే చూశాడు. కింద పేరు ఎప్పుడూ విన్నది కాదు. 'నా దరఖాస్తు వెనక్కి తీసుకుంటున్నాను. నాకు రావలసినది వరుసలో తర్వాతి ఇంటికి ఇవ్వగలరు.'

"ఎవరయ్యా ఈ పిచ్చి తల్లి? చేతికొచ్చిన కొళాయి ఎవరైనా వదులుకుంటారా?"

"కారణం వెనక రాసిందండీ."

కాగితం తిప్పాడు.

'ఈ కౌన్సిల్ సభ్యులకు నడవడిక పాఠం చెప్పే పని రేపటి నుంచి నాకు అప్పగించారు. వారి ముందు చాచిన చేత్తో వారికి పాఠం చెప్పలేను.'

సంతకం పెట్టవలసిన కలం పక్కన పెట్టి రంగుల షావుకారు లెక్క చూసుకున్నాడు. పోయినవి నలుగురికి తాకట్టుపడ్డ తన ఓటు, ఒక మనిషి ఉద్యోగం. వచ్చింది ఒక్క కొళాయి, అదీ నీతి టీచరమ్మ అతని ముఖమైనా చూడకముందే తన గుమ్మం దాటించి అతని అక్క గుమ్మానికి పంపిన నీళ్ళు.