మేకు దిగాక

“బ్యాటరీలోకి మేకు దించమంటారా మేడమ్?”

“అది చూడ్డానికేగా వచ్చింది. కానివ్వు,” అంది తనిఖీకి వచ్చిన అధికారిణి.

పరిశోధకురాలు మేకు అందుకుంది. ఇవాళ పొగ వచ్చిందా, నిధులు ఆగిపోతాయి. ప్రయోగశాల మూతపడుతుంది. ఆమె సహాయకుణ్ణి అందరూ ‘కంగారు’ అనే పిలుస్తారు. ఆ పేరు నిలబెట్టుకుంటూ అతను అప్పటికే ఇసుక బకెట్టు ఎత్తి పట్టుకున్నాడు.

బల్ల మీద గోరువెచ్చని పలకపై అరచేతంత బ్యాటరీ. లోపల మండే ద్రవం చుక్క కూడా లేదు. దాని బదులు రబ్బరులా సాగే పాలిమర్ పొర ఉంది. బరువు మామూలు వాటిలో సగమే. దానికి తగిలించిన చిన్న బల్బు వెలుగుతోంది.

“సంచీ ఇలా పెట్టండి మేడమ్, భుజం లాగేస్తుంది,” అన్నాడు కంగారు, అధికారిణి భుజాన వేలాడుతున్న బరువైన సంచీ చూసి.

“అది నాతోనే ఉంటుంది.”

పొద్దుటి నుంచీ అధికారిణిది ఇదే వరస. మెట్లెక్కి వచ్చి కుర్చీలో కూలబడింది, ఆయాసం తీరకముందే ప్రశ్నలు మొదలుపెట్టింది. మొహాన నవ్వన్నది లేదు. మూసెయ్యడానికే వచ్చిందని ఇద్దరూ తేల్చేసుకున్నారు.

మేకు దిగింది. బల్బు వెలుగుతూనే ఉంది.

“పొగ లేదక్కా,” అంటూ కంగారు బకెట్టు కాలి మీద పడేసుకున్నాడు.

“ఇప్పుడు కత్తిరించు,” అంది అధికారిణి.

పరిశోధకురాలికి ఒళ్లు మండింది. అయినా కత్తెర అందుకుంది. బ్యాటరీ మూల తెగిపడింది, బల్బు మాత్రం ఆరలేదు. ఆమెకు ఎగిరి గంతెయ్యాలనిపించింది.

“ఈ పొర పని చెయ్యాలంటే వెచ్చగా ఉండాలంటారుగా. ఒంటి వేడి సరిపోతుందా?” అని అడిగింది అధికారిణి.

“ఒంటి వేడా? భేషుగ్గా సరిపోతుంది మేడమ్.”

“పక్కలో పెట్టుకుని పడుకోవచ్చా?”

“జోల కూడా పాడొచ్చు,” అన్నాడు కంగారు, నవ్వు ఆగక. పరిశోధకురాలు అతని కాలు తొక్కింది. పాపం, బకెట్టు పడ్డ కాలే.

అధికారిణి కోప్పడలేదు. తెగిన బ్యాటరీని అరచేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. ఆమె కళ్లు తడిశాయి.

“నిధులు ఆగవు. ఎంత త్వరగా తయారు చెయ్యగలరు?”

“అంత తొందరేముంది మేడమ్?”

ఆమె సంచీ జిప్పు లాగింది. లోపల ఇటుకల్లాంటి రెండు బ్యాటరీలున్నాయి. వాటి నుంచి ఒక తీగ ఆమె కోటు కిందికి వెళ్లింది.

“నా గుండెకు పెట్టిన పంపు వీటి మీదే నడుస్తోంది,” అంది.