ఎర్నమ్మ బ్రష్షు

ఆ రోజుల్లో బడివాళ్లు ఉచితంగా ఇచ్చే పళ్ల బ్రష్షులు మహా మాటకారివి. ఎర్నమ్మ బ్రష్షు పకపకా నవ్విందంటే హార్బరులో పడవలు ఊగేవి. రోజూ పొద్దున్నే "బంగారూ, నోరు తెరువు!" అని ముద్దుచేసేది. వాళ్లమ్మ నూకరత్నం రొయ్యలు ఒలిచి వచ్చేసరికి చీకటి పడేది. అందుకే ఎర్నమ్మ కబుర్లన్నీ దానితోనే.

"మాయమ్మకి వండే ఓపికుండదు. రాత్రేళ నాకు బన్నూ, పంచదార టీయే. ఎవులికీ సెప్పకే!"

"ఒట్టు!" అంది బ్రష్షు.

ఒకనాడు దవడపన్ను సలిపి, ఎర్నమ్మ బుగ్గ బూరెలా పొంగింది. నూకరత్నం కూతుర్ని బడి పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన పన్ను చూడకుండా ముందు, వెంట తెచ్చిన బ్రష్షును పిల్ల ఏం తింటుందని అడిగాడు. అది బన్నూ టీ సంగతంతా పూసగుచ్చినట్టు చెప్పేసింది.

"మీలాంటి ఇళ్లలో బాగుచేసిన పన్ను నిలవదమ్మా. పన్ను నిలిచే పిల్లలకే వైద్యం," అన్నాడు డాక్టరు.

"నొప్పి పిల్లకి గదా బాబూ, ఆ పుల్లనేటి అడుగుతారు?" అంది నూకరత్నం. అప్పటికే ఆయన తర్వాతి పిల్లను పిలిచేశాడు.

మర్నాడు పొద్దున బ్రష్షు ఎప్పటిలాగే పాడింది. "బంగారూ, నోరు తెరువు!"

ఎర్నమ్మ బుగ్గ పట్టుకుని దానికేసి చూసింది.

"ముందు నీది ముయ్యి," అంది.