జరెంబాల ఇల్లు

తలుపు చప్పుడయ్యేసరికి అపోలోనియా చేతిలో గరిటె జారినంత పనైంది. క్రిస్మస్ ముందునాటి సాయంత్రం తొలిచుక్క పొడిచాక ఆ పల్లెలో ఎవరూ ఎవరి తలుపూ తట్టరు. మధ్యాహ్నమంతా కురిసిన మంచు ఆగిపోయి, దారంతా తెల్లగా, నిర్మానుష్యంగా ఉంది.

తీసి చూస్తే యాభై దాటిన మనిషి. చలికి చెవులు కందిపోయాయి. ఒంటిమీది కోటు ఈ దేశానికి పనికొచ్చేది కాదు.

"జరెంబాల ఇల్లు ఇదేనాండీ?" భాష ఆ ఊరిదే గానీ, యాస తాతల నాటిది. "నా పేరు ఎవాల్డో జరెంబా. బ్రెజిల్ నుంచి వస్తున్నాను. మా తాత వాలెంటీ ఏడేళ్ళప్పుడు ఈ ఊరు వదిలి ఓడెక్కాడు."

జరెంబాల ఇల్లు దారికి అవతల, సరిగ్గా ఎదురుగా ఉంది. రెండంతస్తులు, తలుపు మీద ఇంటిపేరు పలక, కిటికీల నిండా దీపాలు, లోపల పాతికమంది. ఇవతల అపోలోనియా ఇంట్లో ఒక బల్బు, ఒక మనిషి, రెండు పళ్ళేలు. ఒకటి తనకి. రెండోది అనుకోకుండా వచ్చే అతిథికి. ఆ రాత్రి ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ పెడతారు. మొగుడు పోయినప్పటి నుంచి ఆవిడా పెడుతోంది, ఎంగిలి కాని ఆ పళ్ళేన్నే మర్నాడు కడిగి బోర్లిస్తోంది.

చెయ్యెత్తి ఎదురిల్లు చూపిస్తే సరిపోయేది. చెయ్యి లేవలేదు.

"ఇదే నాయనా," అంది. "లోపలికి రా. చారు చల్లారిపోతోంది."

ఆ మాట అన్నది తనేనా అని ఆవిడకే అనుమానం వచ్చింది.

ఎవాల్డో గడప దగ్గరే ఆగాడు. "ముందే చెబుతున్నాను పెద్దమ్మా. పొలంలో వాటా కోసం రాలేదు నేను. నాకేమీ వద్దు."

"నిన్నెవరడిగారయ్యా వాటా సంగతి? బూట్లు దులుపుకుని కూర్చో."

పండగ నాడు పంచుకు తినే పల్చటి రొట్టె రేకుని విరిచి సగం అతనికిచ్చింది. ఇన్నేళ్ళూ ఆ రెండు సగాలూ తనే తిన్నది. వేయించిన చేపముక్క ఒక్కటే ఉంది. దాన్ని అతని పళ్ళెంలోనే వేసింది.

"నీకో?" అన్నాడు.

"ముసలి పొట్ట. వాసన చూస్తే నిండిపోతుంది."

ఎవాల్డో ఇల్లంతా కళ్ళతో తడుముతున్నాడు. "మా తాత ఎక్కడ పడుకునేవాడు?"

"అదిగో, పొయ్యి పక్కన." అబద్ధం ఇంత సులువుగా వస్తుందని ఎనభై ఏళ్ళొచ్చినా ఆవిడకి తెలీదు. "మా మామగారు చెప్పేవారు. పెరట్లో బేరిచెట్టు ఎక్కేవాడట, దిగడం రాక ఏడ్చేవాడట."

"పెద్దయ్యాకా అంతే. కప్పు బాగుచేస్తానని ఎక్కి, దింపండర్రా అని కేకలు పెట్టేవాడు."

ఇద్దరూ నవ్వారు. ఆ ఇంట్లో రెండు గొంతులు కలిసి నవ్వి ఎన్నాళ్ళయిందో.

"అక్కడ నీకెవరున్నారు?"

"అమ్మ ఉండేది. నిరుడు పోయింది. ఇప్పుడు జరెంబా అంటే నేనొక్కణ్ణే."

అంతలో ఎదురింట్లోంచి పండగ పాట లేచింది. పిల్లలూ పెద్దలూ, గోడలు అదిరేలా. ఎవాల్డో చేతిలో చెంచా ఒక్క క్షణం ఆగింది. కిటికీ వైపు మాత్రం తిరగలేదు.

"ఇంకొంచెం చారు ఉందా పెద్దమ్మా?"

పోసింది. సముద్రాలు దాటి వచ్చినవాడి చుట్టాల్ని, పాతికమందినీ, తనొక్కతే కాజేసి కూర్చుంది. చెప్పేద్దామని నోరు తెరిచినప్పుడల్లా, "ఇంకో ముక్క రొట్టె వేసుకో" అన్న మాటే బయటికొచ్చింది.

వెళ్ళేముందు ఎవాల్డో వంగి ఆవిడ చేతిని ముద్దుపెట్టుకున్నాడు. "వచ్చే ఏడు కూడా ఆ పళ్ళెం నాకుంచుతావా?"

"ఉంచక ఎక్కడికి పోతాను?"

తలుపు మూసి వెనక్కి తిరిగితే, బల్ల మీద ఎంగిలి పళ్ళేలు రెండు. వాటిని చూసి సంబరపడింది. ఆ సంబరం కాసేపైనా నిలవలేదు. తనకేం, రేపో మాపో పోయే మనిషి. వాడి వాళ్ళు వాడికి దక్కాలి. తిడితే తిట్టనీ. వచ్చే ఏడు రాకపోతే మాననీ.

శాలువా కప్పుకుని, టార్చి పట్టుకుని గబగబా గేటు దాకా వచ్చింది. "అబ్బాయ్," అని పిలిచింది. చర్చి దగ్గర ఆపి వచ్చిన అతని కారు దీపాలు అప్పుడే మలుపులో మాయమయ్యాయి.

టార్చి వెలుగు కిందికి వాలింది. చీకటి పడ్డాక ఊళ్ళో ఎవరూ గడప దాటలేదు. కొత్త మంచు మీద ఉన్నవి అతని అడుగులే.

వెళ్ళిన అడుగులు చర్చి వైపు సాగిపోయాయి. వచ్చిన అడుగులు మాత్రం ముందు ఎదురింటి మెట్లెక్కి, ఆ తలుపు ముందు చాలాసేపు నిలబడి, అక్కణ్ణుంచి తిన్నగా తన గుమ్మానికి వచ్చాయి.