జరిమానా రసీదు

"ప్రాక్టీసు అయిపోయాక అన్నీ డిలీట్ చేయాలి, లేకుంటే బిల్లు పడుతుంది" అని వీడియోలో సార్ చెప్పినట్టే హేమలత గుట్ట మీద కూర్చుని, క్లౌడ్‌లో పెట్టినవి ఒక్కొక్కటీ తీసేసింది. గుట్టెక్కితే తప్ప సిగ్నల్ దొరకని తండాలో క్లౌడ్ కోర్సు పూర్తి చేసింది తనొక్కతే.

కింది నుంచి తండ్రి లాలు కేకేశాడు. "బిడ్డా, పోడు పట్టాల సార్లు వచ్చిన్రు! తాత రసీదు తే, జల్దీ!"

అడవి కొట్టి సేద్యం చేసినందుకు తాతకు ఎప్పుడో ఫారెస్టోళ్లు వేసిన జరిమానా రసీదు అది. ఆ చెలక తమదేనని చెప్పడానికి మిగిలిన సాక్ష్యం అదొక్కటే. నిరుడు వానల్లో కాగితాన్ని చెదలు తినేశాయి. అంతకుముందే హేమలత ఫొటో తీసి క్లౌడ్‌లో పెట్టింది. కోర్సులో తను ఎక్కించిన మొదటి ఫైలు అదే. "ఈడికి చెదలు రావు బాపూ" అని, జాగా చాలక ఫోన్లో ఉన్న ఫొటో కూడా తీసేసింది.

ఇప్పుడు క్లౌడ్ స్టోరేజీ తెరిచింది. ఖాళీగా ఉంది. మూసి మళ్లీ తెరిచింది.

కింద తండ్రి మంచం వాల్చి, ఆఫీసర్లకు ధీమాగా చెబుతున్నాడు.

"కూసోండి సార్. చెదలు తిన్నా మా కాయితం పోలే. నా బిడ్డ చదువుకున్నది, భద్రంగ దాచింది."