ముగ్గురుంటేనే లోపలికి

డ్యామ్‌లోకి రేపు ఎన్ని నీళ్లొస్తాయో లెక్కకట్టే పిల్లకు, పొయ్యి మీది పాలు పొంగుతాయని మాత్రం తెలియదు.

ఆళ్లగడ్డ నుంచి నంద్యాల దాకా బస్సులో అక్తర్ బేగం కూతురి మీద చేసిన ఫిర్యాదు ఇదే.

“అంచనా ఒకటుంటది, కొలత ఒకటుంటది అమ్మీ. కొలత తేడాగా వస్తే అంచనా సరిచేసుకుంటా పోవాల. ఈ పొద్దు పోటీ దాని మీదే,” అంది షమా.

“ఆ సరిచేసేదేదో పాల దగ్గర కూడా చెయ్యి.”

కాలేజీ వరండా ఎక్కగానే ఫోను. జట్టులో మూడోవాడు వాజిద్‌కు జ్వరం.

“ముగ్గురుంటేనే లోపలికి,” అన్నాడు తలుపు దగ్గర సారు. “పోటీకి పేరిచ్చిన విద్యార్థి ఎవరైనా సరే, గంట కొట్టేలోపు కలుపుకోండి.”

గెలిస్తే వేసవంతా శ్రీశైలం డ్యామ్ దగ్గర శిక్షణ. షమా ఏడాదిగా దానికోసమే పాలు పొంగిస్తోంది.

జట్టులోని దీవెనతో కలిసి వరండా అంతా తిరిగింది. అన్నీ నిండిన జట్లే.

బెంచీ మీద నలభై దాటిన ఒకామె, పక్కన టిఫిన్ క్యారియరు.

“మీకు ఒకరు తక్కువయినారా పాపా? నేను...”

“ఆంటీ, ఈ బ్యాగులు కొంచెం చూస్తాండండి!” అంది షమా.

అక్తర్ బేగం కూతురి మోచెయ్యి లాగింది.

“ఏమే, ఆమెను కనుక్కోవే. ల్యాప్‌టాప్ తీసి ఏందో కొడతాంది.”

“కొడుకుది అయ్యుంటది.”

“పోటీకి పోయిన కొడుకు దాన్ని ఈడ పెట్టి పోతాడా?”

“అయితే రెండుంటాయి. నువ్వూరుకో అమ్మీ.”

ఆమె మళ్లీ లేచి వచ్చింది.

“పాపా, ఒక్క మాట...”

“మీ పిల్లోళ్లు అయిపోయినాక వస్తారాంటీ. కూర్చోండి.”

ఆమె కూర్చుంది. బ్యాగులు దగ్గరికి జరుపుకుంది.

గంట కొట్టారు. తలుపు మూశారు.

సారు పేర్ల కాగితంతో బయటికొచ్చాడు.

“జట్టు దొరకనోళ్లు ఇంక పోవచ్చు. షమా, దీవెన. ఆ, గోస్పాడు నుంచి ప్రమీలమ్మ, ఎమ్మెస్సీ రెండో ఏడు.”

బ్యాగుల మధ్య నుంచి ఆమె లేచింది.

“చూసుకో పాపా, అన్నీ ఉండాయి,” అని క్యారియరు తీసుకుని మెట్లు దిగింది.

తిరుగు బస్సులో అక్తర్ బేగం ఏమీ అనలేదు. శిరివెళ్ల దాటినా అనలేదు.

“ఏదో ఒకటి అనమ్మీ!”

“నేనెందుకు? నువ్వే అను.”

షమా కిటికీ వైపు తిరిగి, బస్సులో నలుగురికీ వినబడేలా అంది.

“తప్పు నాదే. ఎవరికో అమ్మ అనుకున్నా గానీ, ఆమె మా మూడో మనిషి.”